గోదావరి ఈదినవాడు

రాఫెల్స్ ప్లేస్‌లోని మా ఆఫీసులో ఐకమత్యం పెంచాలని ఎవరికో తోచింది. ఐదు రోజులు ఒకరి ముఖం ఒకరు చూసి విసిగిన వాళ్లను ఆరో రోజు ఒకే పడవలో కూర్చోబెడితే అది పెరుగుతుందట. సింగపూర్‌లో నీళ్లు కూడా బుద్ధిగా ఉంటాయి కనుక, సరిహద్దు దాటి మలేషియా అడవిలో పిచ్చెత్తి పారే ఏరొకటి వెతికారు. పిల్లల్ని తెచ్చుకోవచ్చన్నారు. పదకొండేళ్ల మా అమ్మాయి ఆ రోజు నుంచే క్యాలెండర్‌లో తేదీలు కొట్టేయడం మొదలుపెట్టింది.

నాకు ఈత రాదు. ఈ సంగతి నాకొక్కడికే తెలుసు. ప్రతి ఆదివారం సెంబవాంగ్‌లోని మా ఇంటి నుంచి అమ్మాయిని ఈత క్లాసుకు తీసుకెళ్లి, గట్టు మీద కూర్చుని ఫోను చూసుకుంటూ, "గోదారి ఈదినోణ్ణి, ఈ తొట్టిలో నేనేం ఈదుతానమ్మా" అనేవాణ్ణి. మా ఊరికీ గోదావరికీ మధ్య పన్నెండు కిలోమీటర్ల పొడి నేల ఉందని దానికెవరు చెబుతారు? పెళ్లిచూపుల్లో మా ఆవిడకూ, ఇంటర్వ్యూ అయిన వారానికే ఆఫీసులో వాళ్లకూ ఇదే కథ చెప్పాను. అందుకే ఫారంలో ఈత వచ్చా అన్న గడిలో ధైర్యంగా టిక్కు పెట్టాను.

ఏటి ఒడ్డుకు చేరగానే ఆ హోరుకు నా ధైర్యం పోయింది. అయినా తెలివి పోలేదు. రబ్బరు పడవ నట్టనడుమ టిష్యూ ప్యాకెట్ పెట్టి, సింగపూర్ హాకర్ సెంటర్లో తిండి తెచ్చుకోబోయే ముందు టేబుల్‌ను చోప్ చేసినట్టు చోటు ఆపుకున్నాను. గైడు ఆ ప్యాకెట్టు తీసి భక్తిగా నా చేతికిచ్చాడు. తర్వాత అందరినీ వరసగా నిలబెట్టి అడిగాడు: ఈత రానివాళ్లు చేతులెత్తండి, నెమ్మదిగా పారే పాయలో తీసుకెళ్తాం, పిల్లలైతే తోడుగా పెద్దవాళ్లొకరు రావాలి.

నా చెయ్యి లేవలేదు. ప్రాణం ఇవాళ కాకపోతే రేపు పోతుంది, పరువు పోతే సోమవారం ఆఫీసుకెలా వెళ్లడం?

పక్కనే ఒక చెయ్యి లేచింది. "ఐ కెనాట్ స్విమ్ లా, అంకుల్. మై డాడీ మస్ట్ కమ్ విత్ మీ."

పోయిన నెలే ఈత పరీక్షలో బంగారు బ్యాడ్జి తెచ్చుకున్న పిల్ల!

నెమ్మది పడవలో మేమిద్దరం, ఒక ముసలావిడ, ఇద్దరు పసివాళ్లు. తాడు రెండు చేతులా పట్టుకుని, "నీకెప్పుడు తెలిసిందే?" అని గొణిగాను.

"నా గాగుల్స్ నీళ్లలో పడ్డప్పుడు. నీ మోకాళ్ల దాకే వాటర్, నాన్నా. నువ్వు లైఫ్‌గార్డ్‌ని పిలిచావు."

అవతలి పాయలో దాని ఈడు పిల్లలు కేకలు పెడుతూ కిందికి దూకుతున్నారు. ఆ కేకలు వినబడినంతసేపూ అది అటే చూసింది. నాకు సిగ్గేసింది.

తిరుగు బస్సులో మా ఆఫీసాయన ఒకరు దాన్ని ఆటపట్టించారు. "ఏమ్మా, నాన్నేమో గోదారి ఈదాడు, నీకు నీళ్లంటే భయమా?"

అది నవ్వి, అవునన్నట్టు తలూపింది. నా నోటి నిండా ఇంటి నుంచి తెచ్చిన పులిహోర. మింగి, లేచి నిలబడి, "ఈత రానిది నాకండీ, దానికి కాదు" అన్నాను. సరిహద్దు దాకా బస్సంతా ఒకటే నవ్వు.

అమ్మాయి మాత్రం నవ్వలేదు. నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టి, చెవిలో అడిగింది. "అయితే నెక్స్ట్ టైమ్ నేను ఫాస్ట్ పడవ ఎక్కొచ్చా, నాన్నా?"