స్కేలు దాటిన చిటికెన వేలు

ఇవాళ పొద్దున్న పేపర్లో నా నంబరు పడింది. బీయే ప్యాసయ్యాను. మా ఇంట్లో పదో తరగతి దాటినవాళ్లే లేరు. అందుకని పవర్ హౌస్‌ బజార్లో పేపరు కొన్న దగ్గర్నుంచి కోహ్కాలో మా ఇల్లు చేరేదాకా కనబడ్డ ప్రతివాళ్లకీ చెప్పుకుంటూ వచ్చాను. ఆటో భయ్యాకి, పాలవాడికి, నన్నేమీ అడగని ఒక ముసలావిడకి కూడా. ఆ నంబరున్న ముక్కని తిన్నగా కోసి దాచుకుందామని ట్రంకుపెట్టెలోంచి స్టీలు స్కేలు తీసి వాకిట్లో కూర్చున్నాను. ఎండ తగలగానే దాని అడుగునుంచి పాత సైకిల్ ట్యూబు వాసన లేచింది. నా సంతోషం అక్కడ ఆగిపోయింది. ఈ కబురు మొదట చెప్పాల్సింది నరసమ్మత్తకి. చెబుదామంటే అత్త లేదు.

అత్త మా పక్క గదిలో ఉండేది. శ్రీకాకుళం వైపు మనిషి. స్టీలు ప్లాంటులో లేత్ మిషను మీద పనిచేసే మామయ్య గుండె ఆగి పోయాక, క్వార్టరు ఖాళీ చేసి మా వరసలోకి వచ్చింది. పాత చీరల్ని ముక్కలు కోసి, జతచేసి బొంతలు కుట్టి అమ్మేది. అందరిలా కత్తెర వాడేది కాదు. మామయ్య బతికున్న రోజుల్లో పాత ఇనుము అమ్మే కబాడీ కొట్లో ఉక్కు ముక్క కొని, రూపాయి బిళ్లంత చక్రం చేసి, పదును పెట్టి, పిడికి బిగించి ఇచ్చాడట. స్కేలు వారగా దాన్ని తోస్తే నాలుగు మడతల గుడ్డ ఒక్క గీతలో తెగేది. పట్టు మీద స్కేలు జారుతుందని అడుగున ట్యూబు ముక్కలు మూడు అతికించుకుంది.

ఎనిమిదో తరగతిలో నేనూ ఆ పనికి చెయ్యి పెట్టాను. అరచేత్తో స్కేలుని మధ్యలో గట్టిగా నొక్కేదాన్ని. చక్రం చివరికి చేరేసరికి స్కేలు గడియారం ముల్లులా తిరిగి ఉండేది.

"బలమేటి సేస్తాదే గుంటా," అని నా చెయ్యి తీసి మళ్లీ పెట్టింది. నాలుగు వేళ్లూ స్కేలు మీద నిలబెట్టించి, చిటికెన వేలిని మాత్రం స్కేలు దాటించి గుడ్డ మీద ఆన్చింది. "ఇది గుడ్డ మీదుండాల. స్కేలు కదిల్తే ముందు దీనికే తెలస్తాది. సగం కోసాక ఆగు. సక్రం ఎత్తకు. స్కేలు మీది సెయ్యి ముందుకి నడిపించు. నెమ్మదిగ, ఆరామ్ సే."

పదో తరగతి అయ్యాక నాన్న చదువు చాలన్నాడు. ఆ సాయంత్రం అత్త మా ఇంటికొచ్చి గోడకానుకుని కూర్చుంది. మామయ్య పోయినప్పుడు ఎన్ని కాగితాల మీద వేలిముద్ర వేసిందో, ఏ కాగితంలో ఏముందో తనకి ఇప్పటికీ తెలీదని మాత్రమే చెప్పి లేచిపోయింది. నాన్న మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

నేను పన్నెండో తరగతి ప్యాసయ్యేనాటికి అత్త చేతులు వణకడం మొదలైంది. మామయ్య ఖాకీ చొక్కాలు మూడు పెట్టెలో ఉండేవి. వాటితో తనకోసం ఒక బొంత కుట్టుకోవాలని ఆవిడ కోరిక. బీడీ నిప్పుకి చిల్లుపడ్డ ఒక జేబు మాత్రం ముక్క కాకుండా మధ్యలో రావాలంది. కొయ్యడం నా పని. ఆ రోజే దుర్గ్ కాలేజీలో బీయేకి ఫారం ఇవ్వాలి, బస్సు వేళైపోతోంది. జేబు అంచు మందానికి స్కేలు ఊగుతోందని నేను చూసుకోలేదు. స్కేలు జారింది. చక్రం జేబుకి అడ్డంగా పోయింది.

అత్త ఆ రెండు ముక్కల్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసింది.

"సిటికినేలు ఎక్కడెట్టావే?"

"స్కేలు మీదే అత్తా."

"స్కేలు మీద కాదు, బస్సు మీదెట్టావు," అంది. తర్వాత నా మొహం చూసి, "ఎల్లు. బస్సెల్లిపోద్ది," అంది.

నేను తిరిగొచ్చేసరికి ఆ జేబుని ఎర్రదారంతో అతుకేసి, మూతి తెరిచి ఉండేలా బొంత మధ్యలో కుట్టేసింది. "బీయే ప్యాసైన కాయితం తెచ్చి ఇందులో ఎట్టు. అప్పుడు సరికి సరి." నవ్వుతూనే అంది. కానీ ఏటా పరీక్షలవ్వగానే "ఏటే, కాయితం వచ్చీసిందా?" అని అడిగేది. చివరి ఏడాదిదాకా రాదత్తా అనేదాన్ని. ఖాళీ జేబున్న ఆ బొంతని ఎండలో ఆరేసుకుని, చలికి కప్పుకుని ఎదురుచూసింది.

ఈ ఏడాది నా ఆఖరి పరీక్ష రోజున అత్త పోయింది. మూడు రోజులు జ్వరం. ముందురోజే నాన్నతో, ఏమైనా అయితే గుంటకి పరీక్ష అయ్యాకే చెప్పమందట. నేను దుర్గ్ నుంచి వచ్చేసరికి గది కడిగేసి ఉంది. దండెం మీద బొంత లేదు. ఎక్కడని అమ్మని అడిగాను.

"కప్పుకున్నది ఆవిడతోనే ఎల్లాల కదమ్మా," అంది అమ్మ.

అది మా వాళ్ల ఆచారం. ఎవరి తప్పూ లేదు. స్కేలూ చక్రమూ నాకివ్వమని చెప్పి పోయిందట.

ఇవాళ పేపరు మీద స్కేలు పెట్టి, నాలుగు వేళ్లు నిలబెట్టి, చిటికెన వేలిని దాటించి చక్రంతో కోశాను. సగంలో ఆగి చెయ్యి నడిపించాను. నాలుగు వైపులా గీత తిన్నగా వచ్చింది. తీసి చూస్తే, నా నంబరుకి ఒక్క వరస చాలు, నేను కోసింది మాత్రం సరిగ్గా చొక్కా జేబంత ముక్క. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీక మళ్లీ స్కేలు కిందే ఉంచి, చెయ్యి పైన అలాగే ఆన్చాను. ఎండగాలి వీచింది. కాగితం కదిలింది. ముందు నా చిటికెన వేలికే తెలిసింది.