పెద్దక్క వెనక్కి తీసుకున్న మాట

మా ఆవిడను విమానంలో పనిచేసేవాళ్ళంతా పెద్దక్క అంటారు. మనిషి అంత పెద్దదేమీ కాదు, నా భుజం దాకా వస్తుంది. గొంతు మాత్రం గుమ్మంలో నిలబడి పిలిస్తే వీధి చివర నా బస్సులోకి వినిపిస్తుంది. నేను సిటీ బస్సు డ్రైవర్ని. మీ ఆవిడ ఆకాశంలో టీ పోస్తుందట కదా అని మా డిపోలో ఆటపట్టించేవాళ్ళు. టీ పోయడం ఆ ఉద్యోగంలో పైపని. అసలు పని నేర్పడానికి ఏటా ఒక గదిలో పొగ నింపి వాళ్ళను అందులోకి తోస్తారు. ఆ రోజు జుట్టంతా పొగ వాసనతో ఇంటికొచ్చి, భోజనం కూడా చెయ్యకుండా సోఫాలో వాలిపోయేది.

ఈ ఉద్యోగం వద్దని వాళ్ళ నాన్న నెలరోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆవిడా మాట్లాడలేదు. ఆయన చెప్పుల దుకాణంలో పనిచేసేవాడు. చివరికి ఆయనే దిగొచ్చి, రోజంతా నిలబడాల్సిన కాళ్ళకని మెత్తటి బూట్లు తెచ్చిచ్చాడు. మా ఆవిడది ఉడుంపట్టు. ఆ సంగతి పెళ్ళికి ముందే నాకెవరైనా చెప్పి ఉండాల్సింది.

ఒక శీతాకాలం మా అత్తగారికి కంటి ఆపరేషన్ ఉండి వాళ్ళ ఊరికి బయల్దేరాం. మా ఆవిడ డ్యూటీ చేసే విమానంలోనే నాకు చివరి వరుసలో, టాయిలెట్ పక్కన సీటు దొరికింది. స్టీరింగ్ నా చేతిలో లేని బండి ఎక్కితే నాకు ప్రాణం కుదురుగా ఉండదు. పైగా మేముండేది చలికాలమంతా మంచు పడే ఊరు, ఆ రోజూ బయట మంచు కురుస్తోంది. కదిలే ముందు ఒక లారీ వచ్చి, రెక్కల మీద పేరుకున్న మంచు కరగడానికి వేడి ద్రవం చల్లి వెళ్ళింది.

పైకి లేచిన కాసేపటికి మా తలల మీద పల్చగా పొగ తేలింది. నా పక్కనున్న ముసలాయన బెల్లు నొక్కాడు. మా ఆవిడ వచ్చి చూసింది.

"ఏం లేదండీ. రెక్కల మీద చల్లిన ద్రవం కాస్త గాలి గొట్టాల్లోకి వెళ్తుంది. చలికాలంలో మామూలే. ఇప్పుడే పోతుంది" అంది. వెనకనున్న ఫోన్ తీసి కెప్టెన్‌కూ అదే చెప్పింది.

ఆమె ఊరికే అన్న మాట కాదది. ఆ ద్రవం వల్ల అలాంటి పొగ నిజంగానే వస్తుందట, తియ్యటి వాసనతో. ఏటా చలికాలంలో చూసి చూసి వాళ్ళకు అలవాటైపోయింది. కొత్తగా చేరిన పిల్ల అయితే కంగారుపడి నానా హడావుడీ చేసేది. ఇది అనుభవం ఉన్నవాళ్ళు మాత్రమే చేసే పొరపాటు.

పొగ పోలేదు. మా ఆవిడ మళ్ళీ వచ్చి, మెడ పైకెత్తి గాలి పీల్చింది. తియ్యటి వాసన చాటున వైరు కాలుతున్న వాసన ఇప్పుడు నాకే తెలుస్తోంది. ఆవిడ సీటు అంచు మీదికెక్కి, అరచేతిని తిప్పి, చేతి వెనక వైపును పైకప్పుకు ఆనిస్తూ వచ్చింది. అరచేయి కాలితే ఆ తర్వాత ఏదీ పట్టుకోలేరు, అందుకని వాళ్ళు అలాగే చూస్తారు. సరిగ్గా నా నెత్తి మీదికి వచ్చేసరికి చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంది. వెంటనే ఫోన్ అందుకుంది.

"కెప్టెన్ గారూ, ఇందాక నేను చెప్పింది తప్పు. అది ద్రవం కాదు. చివరి వరుస మీద పైకప్పు కాలుతోంది. వెనక్కి తిప్పండి."

ఇన్నేళ్ళ కాపురంలో ఆ నోట 'తప్పు' అన్న మాట నేను వినలేదు. కూరలో ఉప్పు ఎక్కువైతే తప్పు నా నాలుకది. అలాంటి మనిషి అంత తేలిగ్గా అనేసింది. అప్పుడు తెలిసింది ఎంత ప్రమాదంలో ఉన్నామో.

మేం బయల్దేరిన చోట రన్‌వే మంచులో మునిగి ఉందని, వెళ్ళే చోట ఆకాశం తేటగా ఉందని, ఖాయంగా చెప్పమని కెప్టెన్ అడిగాడట. "ఖాయం. చెయ్యి పెట్టి చూశాను. అక్కడికి చేరేదాకా ఈ మంట ఆగదు" అంది. విమానం ఒక పక్కకు ఒరిగి తిరగడం మొదలుపెట్టింది.

"అందరూ తలలు వంచండి. గుడ్డ తడిపి ముక్కుకు పెట్టుకోండి. వెనక వరుసలవాళ్ళు ముందుకు నడవండి." అరవలేదు, ఆ గొంతుకు అరవాల్సిన పని లేదు. నేను మాత్రం కదల్లేదు.

"నువ్వూ రా" అన్నాను.

"ఆ పెద్దాయనకు మోకాళ్ళు బాగాలేవు. ఆయన్ని పట్టుకుని నడిపించండి" అంది నా మొహం కూడా చూడకుండా. కోపం వచ్చింది, భయమూ వేసింది. అయినా ముసలాయన్ని పట్టుకుని నడిచాను.

వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ తలకు పొగ సోకని ముసుగు తొడుక్కుని, చిన్న గొడ్డలితో పైకప్పు పలక అంచు పెకలిస్తోంది. సందు దొరకగానే మంటలార్పే సిలిండర్ మూతి అందులో దూర్చింది. బుస్సుమని పొగ కిందికి దిగి ఆమెను కప్పేసింది. కనపడని ఆ కాసేపూ నేను ముసలాయన చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానో ఆయన తర్వాత చూపించాడు. పొగ పల్చబడ్డాక చూస్తే, రెండో సిలిండర్ కూడా ఖాళీ చేసి, చేతి వెనక వైపు మళ్ళీ కప్పుకు ఆనించి నిలబడి ఉంది. నిప్పు మళ్ళీ రాజుకుంటుందేమోనని చక్రాలు నేలను తాకబోయే ముందు దాకా అక్కడే కాపలా కాసి, అప్పుడు బెల్టు పెట్టుకుంది.

మంచు మీద విమానం అటూ ఇటూ జారి, మొత్తానికి ఆగింది. తలుపుల దగ్గర విచ్చుకున్న జారుడు పట్టాల మీద నుంచి అందరం మంచులోకి దిగాం. ఒక్కరికీ ప్రాణం మీదికి రాలేదు.

తర్వాత ఎయిర్‌పోర్టులో ఒక గది బయట బెంచీ మీద కూర్చున్నాం. ఆమె కుడిచేతికి కట్టు కట్టారు. లోపల అధికారులు ఒక్కొక్కరినే పిలిచి ఏం జరిగిందో అడుగుతున్నారు. ఆమెతో పనిచేసే అమ్మాయి పక్కన చేరి మెల్లగా అంది: "పెద్దక్కా, ఆ మొదటి ఫోన్ సంగతి మీ అంతట మీరు ఎత్తకండి. మళ్ళీ ఎగరనివ్వరు."

"ఆ అమ్మాయి చెప్పింది నిజమే. అందరి ప్రాణాలూ కాపాడావు, ఇంకేం కావాలి వాళ్ళకు?" అన్నాను నేను. ఆ ఉద్యోగం లేకపోతే ఆవిడ ఎలా ఉంటుందో నాకు ఊహకు కూడా అందదు.

"ఎల్లుండి ఇంకో విమానంలో నాలాంటిదే ఒకతి ఇదే పొగ చూస్తుంది. చలికాలంలో మామూలే అని టీ పోసుకుంటూ ఉంటుంది. ఆమెకు ఎవరు చెప్తారండీ?" అని, పిలుపు రాగానే లేచి వెళ్ళింది. తలుపు ఓరగా వేసి ఉంది.

"రండమ్మా, కూర్చోండి. పొగను అంత వెంటనే ఎలా గుర్తుపట్టారో చెప్పండి" అన్నాడు లోపలి అధికారి, మెచ్చుకోలుగా.

"వెంటనే గుర్తుపట్టలేదండీ" అంది మా ఆవిడ. "మామూలే అన్నాను. అక్కణ్ణించి రాసుకోండి."