కట్టెల కొట్టంలో ట్రంకుపెట్టె

నా చిన్నప్పుడు, నాలుగో తరగతి నుంచే, మా నాన్న నాకు డైరీ రాయడం అలవాటు చేశారు. కళ్లతో చూసిందే రాయాలి, ఊహించింది రాయకూడదు అన్నది ఆయన నియమం. 1980 నాటి నోటుపుస్తకంలో సద్దుల బతుకమ్మ రోజు పేజీ ఉంది. పైన తేదీ, కింద ‘ఉన్నవారు’ అని రాసి నలుగురిని వరుసగా పెట్టాను: పక్కింటి అక్క, వాళ్ల నానమ్మ, కోదాడ నుంచి వచ్చిన వాళ్ల మేనత్త, నేను. మిగతా పేజీ అంతా ఖాళీ. అప్పుడు రాయడానికి చెయ్యి రాలేదు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, ఇప్పుడు రాస్తున్నాను.

మేమప్పుడు మిర్యాలగూడలో ఉండేవాళ్లం. నాకు పన్నెండేళ్లు. అక్క హైదరాబాదులో డాక్టరు చదువు మొదటి సంవత్సరంలో ఉంది. దసరా సెలవులకు వస్తూ ఒక ట్రంకుపెట్టె తెచ్చుకుంది. అందులో మనిషి ఎముకలున్నాయి. సెలవులు కాగానే పరీక్ష ఉందని, పై తరగతి అమ్మాయిని అడిగి తెచ్చుకుంది. ఇంట్లోనేమో నానమ్మ తొమ్మిది రోజులు కలశం పెట్టి మడితో పూజ చేసేది. అక్క చిన్నప్పటి నుంచి ఆమెతో పాటు ఒంటిపూట ఉండేది. ఆ ఏడూ మానలేదు. పెట్టెను పెరట్లో కట్టెల కొట్టంలో దాచి అక్కడే చదువుకునేది. చదువు ఆపిన ప్రతిసారీ బోరింగు దగ్గర తలస్నానం చేసి, ఉతికిన బట్ట కట్టుకున్నాకే లోపలికి వెళ్లేది.

ఈ సంగతి తెలిసింది నాకొక్కదానికే. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పుస్తకం నా చేతికిచ్చి, ఎముకల పేర్లు అప్పజెప్పేది. పెట్టె తెరిచే ముందు రెండు చేతులూ జోడించేది. ఇవి ఎవరివని అడిగితే, “తెల్వదు చెల్లె. ఎవ్వరు లేనోళ్లయి ఉంటయి. గందుకే నేనన్న దండం వెడుతున్న” అంది. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకోలేదు. నేను చెప్పనని నమ్మింది.

సద్దుల నాడు మధ్యాహ్నం వాళ్ల వాకిట్లో బతుకమ్మ పేరుస్తున్నాం. తడి జుట్టుతో వచ్చి కూర్చున్న అక్కను చూసి అత్త, “ఏమ్మా డాక్టరమ్మా, పొద్దున్నుంచి ఇది మూడో తలస్నానం గదా! చదువు తలకెక్కి మంట పుట్టిందా ఏంటి?” అంది. నానమ్మ కూడా నవ్వింది.

వాళ్లకు తెలియనిది నాకు తెలుసన్న గర్వం నన్ను నిలవనివ్వలేదు. మా ఇంట్లోకి పరుగెత్తి డైరీ తెచ్చి గట్టిగా చదివాను. ఏ రోజు ఎన్ని స్నానాలు, ఏ రోజు చేతి ఎముకలు, ఏ రోజు పుర్రె. మెచ్చుకుంటారని తలెత్తి చూశాను. అక్క చేతిలో గునుగు పువ్వు అలాగే ఉండిపోయింది.

అత్త లేచి నిలబడింది. “శవం ఎముకలు ముట్టుకున్న చేత్తో అమ్మవారికి దీపం పెట్టిందా! ఇంకేం చదివిస్తావమ్మా దీన్ని? మాన్పించి పెళ్లి చెయ్యి.”

ఆ ఇంట్లో నానమ్మ మాటే మాట. ఆమె ఊఁ అంటే అక్క చదువు అక్కడితో ఆగిపోతుందని నాకూ తెలుసు. ఆమె అక్క వైపు తిరిగింది. “నాకెందుకు చెప్పలేదే?” అని మాత్రం అడిగింది.

“చెప్తే ఏదో ఒకటి ఇడిసిపెట్టుమంటవని భయమైంది నానమ్మ. నాకు రెండూ గావాలె.”

పువ్వు తట్టలో పెట్టి అక్క తనే లేచింది. “నేను మైలల ఉన్ననుకోండ్రి. రేపు పొద్దుగాల బస్సుకు పోత” అని కొట్టంలోకి వెళ్లిపోయింది. నానమ్మ ఆపలేదు, పొమ్మనీ అనలేదు.

ఆ సాయంత్రం బతుకమ్మ చుట్టూ ఆడాం. నేనూ చప్పట్లు కొట్టాను. ఇన్ని రోజులూ ఒంటిపూట ఉన్న మనిషి పెరట్లో ఒక్కతే కూర్చుని ఉంది. నాకు సద్దులు రెండుసార్లు పెట్టారు. రెండుసార్లూ తిన్నాను.

మర్నాడు పొద్దున్నే మా తలుపు సందులోంచి చూశాను. దసరాకు ఇంకా ఒక్కరోజు ఉంది. అక్క పెట్టెను వాకిట్లోకి లాగింది. ఒక్కదాని వల్ల కావడం లేదు. అత్త అరుగు దిగలేదు. పూజ దగ్గర నుంచి నానమ్మ మడి చీరతోనే వచ్చి, వంగి, రెండో వైపు పిడి పట్టుకుంది.

“అమ్మా, మడి!” అని అరిచింది అత్త.

“ఎరుకే తియ్. మడి పోతే బోరింగుల నీళ్లున్నయి. పరీచ్చ పోతే యాడికెల్లి తెస్తవే?”

ఇద్దరూ పెట్టె మోసుకుంటూ బస్టాండు వైపు కదిలారు. మా ఇంటి ముందు కిందికి దించి చేతులు మార్చుకున్నారు. నానమ్మకు ఆయాసం వస్తోంది. అక్క మా తలుపు వైపు ఒకసారి చూసింది. బయటికి వెళ్లి ఆ పిడి నేను అందుకోవచ్చు. ఆ మాత్రం బలం నాకుంది. తలుపు చాటునే నిలబడ్డాను. వాళ్లు మళ్లీ ఎత్తుకుని వెళ్లిపోయారు.

అక్క చదువు ఆగలేదు. తర్వాత సూర్యాపేటలో దవాఖాన పెట్టింది. నా కాన్పు ఆమె చేతుల మీదనే అయింది. ఆ రోజు మాట ఆమె ఎత్తలేదు. క్షమించమని అడగడానికి ఎన్నోసార్లు నోటిదాకా వచ్చి, నేనూ ఎత్తలేదు. ఇప్పటికీ దారిలో ఎవరైనా బరువు దించుకుని ఆగితే నా చెయ్యి ముందుకు పోతుంది. అయినా ఆ తలుపు చాటు నుంచి నేనింకా బయటికి రానట్టే ఉంటుంది.