చందుర్తి యుద్ధంలో కూరగాయలావిడ

మా పక్క కొట్టు నాగేశ్వరప్రసాద్ గారికి ఒకటే జబ్బు. బొమ్మ సిపాయిలు ఎక్కడ కనిపించినా, మొత్తం ఎంతమంది అని అడగరు. దెబ్బ తగిలినవాళ్ళు ఎంతమంది అని అడుగుతారు. ఎవరూ లేరంటే, పెళ్ళిలో రెండో బంతికి పూర్ణాలు అయిపోయాయని విన్న మనిషిలా మొహం వేలాడేస్తారు.

మండపేట మెయిన్‌రోడ్డులో ఆయనది ఫ్యాన్సీ కొట్టు. గాజులు, రిబ్బన్లు, తిలకం సీసాలు, పిల్లల ఆటబొమ్మలు. ఆనుకునే నా స్టీలు సామాన్ల కొట్టు. మా ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క ఇటుక మందం గోడ. అటు ఆయన గట్టిగా తుమ్మితే ఇటు మేకులకి వేలాడే నా గరిటెలు మోగుతాయి. పాతికేళ్ళుగా ఆ మోత విన్నవాణ్ణి కాబట్టి ఆయన గురించి చెప్పడానికి నాకంటే తగినవాడు ఈ ఊళ్ళో లేడు.

ఆయన కొట్లో ప్లాస్టిక్ సిపాయిల ప్యాకెట్లు అమ్ముతారు. ప్యాకెట్టుకి ఇరవై నలుగురు. ఒకరోజు ఒక ప్యాకెట్టు తెచ్చి నా బల్ల మీద గుమ్మరించి నిలదీశారు. ఇరవై నలుగురూ తుపాకులు ఎక్కుపెట్టినవాళ్ళేనట, ఒక్కడికీ తగల్లేదట, అయితే ఇంతసేపూ వీళ్ళు కాలుస్తున్నది ఎవరినట. నన్నడిగితే ఏం లాభం? నేను గిన్నెలు అమ్ముకునేవాణ్ణి.

అందుకని ప్రతి ప్యాకెట్టూ విప్పి అందులోంచి ఇద్దర్ని తీస్తారు. కొవ్వొత్తి సెగన మోకాళ్ళు మెత్తబరిచి ఒకణ్ణి పడుకోబెడతారు. వాడి తలకి తెల్లదారం కట్టు, దాని మీద ఎర్ర గోళ్ళరంగు చుక్క. రెండోవాడి తుపాకీ కోసేసి, చేతిలో బియ్యపుగింజంత చెంబు పెట్టి, మొదటివాడి పక్కన కూర్చోబెడతారు. మళ్ళీ ప్యాకెట్టు అంటించి ఏమీ ఎరగనట్టు తగిలిస్తారు.

వారానికి ఒకరైనా వాపసు తెచ్చేవారు. గోడకి ఇటువైపు నాకు వరసంతా కంఠతా వచ్చేసింది.

"ఇందులో ఒకటి విరిగిందండి."

"విరగలేదండి. గాయపడ్డాడు."

"అదేనండి, డేమేజీ."

"డేమేజీ కాదండి, దెబ్బ. పక్కన మంచినీళ్ళిచ్చేవాడున్నాడు, చూడండి."

వచ్చినవాళ్ళు ఆయన మొహంలోకి ఒకసారి చూసి, గాయపడినవాణ్ణి తీసుకుని ఇంటికెళ్ళిపోయేవారు.

ఒక ఏడు గుళ్ళో భారతం ప్రవచనం పెట్టించారు. పదిహేడో రోజు యుద్ధం అయ్యాక పంతులుగారు, సందేహాలుంటే అడగమన్నారు. ప్రసాద్ గారు లేచారు. నేను ఆయన చొక్కా పట్టుకుని లాగుతూనే ఉన్నాను. ఈ పదిహేడు రోజులూ పడిపోయినవాళ్ళకి మంచినీళ్ళు ఎవరిచ్చారండీ అని అడిగేశారు. పంతులుగారు తన ముందున్న గ్లాసెడు నీళ్ళూ తాగి, కళ్ళు మూసుకుని, తిన్నగా మంగళహారతిలోకి వెళ్ళిపోయారు.

ఆయనకి అన్నిట్లోకీ ఇష్టమైన యుద్ధం చందుర్తి యుద్ధం. పిఠాపురం దగ్గర చందుర్తిలో, ఎప్పుడో 1758లో, ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ కొట్టుకున్నారు. ఆదివారాలు స్కూటరు మీద అక్కడిదాకా వెళ్ళి, చేలగట్ల మీద టేపు పట్టుకుని తిరిగేవారు. అక్కడి రైతులు ఆయన్ని ప్లాట్లు వేసే మనిషనుకుని ఎకరం రేటు చెప్పి, రోడ్డు బిట్టు కావాలంటే ముందే మాట్లాడుకోమన్నారు. యుద్ధభూమి చూడ్డానికొచ్చానంటే, ఏ కోర్టులో నడుస్తోందని అడిగారు.

ఆ యుద్ధాన్ని ఆయన ఏటా దసరా బొమ్మల కొలువులో పెడతారు. మా వాళ్ళ ఇళ్ళల్లో కొలువంటే తెలుసుగా, మెట్లు కట్టి, పైన దేవుళ్ళు, కింద పెళ్ళివారు, ఊరేగింపు. ప్రసాద్ గారింట్లో మెట్ల ముందు మంచమంత చెక్క వేసి, ఇసక పోసి, రంపపు పొట్టుకి ఆకుపచ్చ రంగద్ది చేలు వేసి, ఫిరంగులు పెట్టి చందుర్తి. ఆ చందుర్తిలో నిలబడినవాళ్ళకంటే పడుకున్నవాళ్ళే ఎక్కువ.

దాంతో ఒక చిక్కు. విజయదశమి సాయంత్రం ఒక బొమ్మని పడుకోబెడితే కొలువు ముగిసినట్టు. ఆ ఇంట్లో పాడ్యమినాడే యాభైమంది పడుకుని ఉంటారు. కొత్తగా వచ్చిన పేరంటాళ్ళు గుమ్మంలో ఆగిపోయి, "అప్పుడే ముగించేశారాండీ?" అని అడగడం, ఆయన భార్య రామలక్ష్మిగారు తల కొట్టుకుంటూ లోపలికి పిలవడం ప్రతి ఏడూ ఉన్నదే.

ఇంకో వింత, ఆ యుద్ధంలో సైజులు కలవవు. వేలెడంత ప్లాస్టిక్ సిపాయిల మధ్య జానెడు మట్టిబొమ్మలు కొన్ని పడి ఉంటాయి. ఒక ఏడు చూద్దును కదా, ఫిరంగి పక్కన, ఫిరంగికంటే పెద్దది, తలమీద గంపతో ఒక కూరగాయలావిడ. గంప సగం లేదు. ఈవిడకి యుద్ధంలో పనేంటండీ అని అడిగాను. సంతకెళ్తూ మధ్యలో చిక్కుకుపోయిందన్నారు, చాలా బాధగా. నేను శనగలు జేబులో పోసుకుని, బయటికొచ్చి, నలుగురికీ చెప్పి నవ్వించాను. పదేళ్ళ పాటు ఆ ఇంటికి వెళ్ళి నేను చూసింది అంతే.

నిరుడు దసరాకి నాకు నవ్వే ఓపిక లేకపోయింది. తొమ్మిది రోజులూ వాన. పొట్ట మీదున్న వరిచేలు నీళ్ళలో నిలబడ్డాయి. మిల్లుల ముందు లారీలు టార్పాలిన్లు కప్పుకుని కదలకుండా ఉన్నాయి. ఇంట్లో అంతకంటే ముసురు. మాఘమాసంలో సామర్లకోటలో మా బావ పోయాడు. కార్యాలయ్యాక మా అక్క వీరవేణిని సామానుతో సహా లారీలో తీసుకొచ్చాను. వచ్చిన దగ్గర్నుంచీ అక్క వెనక గదిలో గోడకి చేరబడి కూర్చుంది. ఏమడిగినా తలూపడమే. ఎనిమిది నెలల్లో వీధి గుమ్మం దాటలేదు, మాట పది మాటలు దాటలేదు. ఇలాగే గోడలో కలిసిపోతుందేమోనని నాకు భయంగా ఉండేది. భయపడటం తప్ప నేను చేసిందేమీ లేదు.

బావ ఉన్నప్పుడు అక్కది పెద్ద కొలువు. అన్నవరం వెళ్ళినప్పుడల్లా బావ ఒక బొమ్మ కొనిచ్చేవాడు. ఆఖరిసారి కొన్నది గుర్రపు రౌతు, మట్టిది, నీలం తలపాగా. లారీలో దాని గుర్రానికి ముందుకాలు, రౌతుకి ఒక చెయ్యి పోయాయి. అక్క దాన్ని మంచం కింద పెట్టుకుంది. పండగ దులుపుళ్ళలో అది మా అమ్మ కంట పడింది. పగిలిన బొమ్మ ఇంట్లో ఉండకూడదని, కాలవలో వదిలేసి రమ్మని నాకిచ్చింది. అక్క చూస్తోంది. వద్దనలేదు. నేనూ అమ్మకి ఎదురు చెప్పలేదు.

పేపర్లో చుట్టుకుని గొడుగేసుకుని వెళ్తుంటే కొట్టు మెట్ల మీద ప్రసాద్ గారు ఆపారు. పొట్లం విప్పించారు. బొమ్మని అరచేతిలో పడుకోబెట్టి చాలాసేపు చూశారు.

"ఎలా తగిలింది?"

"లారీలోనండి."

"ఎవరి తాలూకు?"

చెప్పాను. ఆయన ఇంకేమీ అడక్కుండా, చందుర్తిలో గుర్రాలవాళ్ళు తక్కువగా ఉన్నారు, ఈయన్ని నాకు వదిలెయ్యండి అన్నారు. వానలో కాలవ దాకా నడక తప్పిందని ఇచ్చేశాను. ఇంటికొచ్చి కాలవలో వదిలేశానని అమ్మకి చెప్పాను. పగిలిన బొమ్మ ప్రసాద్ గారింట్లో ఉందంటే అమ్మ ఊరుకోదని ఆ అబద్ధం. ఆ పూట అక్క అన్నం ముట్టలేదు. అప్పుడైనా నిజం చెప్పనందుకు నాకిప్పటికీ సిగ్గుగానే ఉంది.

రెండోనాడు పొద్దున్నే ప్రసాద్ గారు మా వరండాలో తడిగొడుగు ముడుస్తూ నిలబడ్డారు. వీరవేణి అక్కయ్యగారిని ఒకసారి పంపాలన్నారు. మా అమ్మ పమిట చెంగుతో కళ్ళొత్తుకుంది.

"దానికింక పేరంటమేంటి బాబూ?"

"పేరంటం కాదు పిన్నిగారూ. పేరంటం సాయంత్రం. ఇది పొద్దుటి పని. యాభై ముగ్గురు దెబ్బలు తగిలి పడున్నారు, చూసుకునే మనిషి లేదు. రామలక్ష్మికి శనగలు నానబెట్టుకోడానికే సరిపోతోంది."

మా అమ్మకి పేరంటం గురించి అన్ని నియమాలూ తెలుసు. ఆసుపత్రి గురించి ఒక్కటీ తెలియదు. ఆవిడ ఆలోచిస్తుండగానే ఆయన వెనక గది వైపు తిరిగి, కాస్త గొంతు పెంచి, నిన్న ఒక గుర్రపు రౌతు వచ్చాడు, నీలం తలపాగా, గుర్రానికి కుడి ముందుకాలు లేదు, ఎవరిని అడగాలో తెలియడం లేదు అన్నారు.

వెనక గదిలో మంచం కిర్రుమంది. అక్క గుమ్మంలోకి వచ్చింది.

"ఎడంకాలండి," అంది. "నా దగ్గరే ఉంది."

చేతిలో కుంకుమ భరిణె. మాఘమాసం నుంచి ముట్టుకోలేదనుకున్నాం. మూత తీసి చూపించింది. కుంకుమంతా తుడిచేసి ఉంది. లోపల దూది, దూదిలో వేలెడంత గుర్రంకాలు, దాని పక్కన రౌతు చెయ్యి. మా అమ్మ భరిణెనీ నన్నూ మార్చి మార్చి చూసింది. "గొడుగు తీసుకెళ్ళవే, తడుస్తావు," అంది.

నేను వెనకాలే వెళ్ళాను. జీవితంలో మొదటిసారి చందుర్తి పక్కన చతికిలబడి, శనగలు లేకుండా చూశాను. జానెడు బొమ్మలు ఇరవైకి పైనే ఉన్నాయి. జడ విరిగిన పెళ్ళికూతురు, ముక్కు పోయిన శెట్టిగారు, మద్దెల లేని మద్దెలగాడు. ఒక్కొక్కరి కిందా చిన్న చీటీ. ఫలానా వీధి, ఫలానా వారిల్లు, అమ్మమ్మగారిచ్చినది. ఫలానా వారిల్లు, చనిపోయిన చెల్లెలిది. ప్రతి ఒక్కరి పక్కనా చెంబు పట్టుకున్న ప్లాస్టిక్ సిపాయి ఒకడు. కూరగాయలావిడకి పెద్ద ఒళ్ళు కదా, ఆవిడకి ఇద్దరు.

పగిలిన బొమ్మని ఇంట్లో ఉంచుకోలేరు, కాలవలో పారెయ్యడానికి చేతులు రావు. ఊళ్ళో ఆడవాళ్ళంతా తెచ్చి ఆయనకిస్తారట. ఏటా దసరాకి వచ్చి, తాంబూలం పుచ్చుకుని, ఎవరి బొమ్మని వాళ్ళు చూసుకుని వెళ్తారట. పట్టింపులున్న మా అమ్మ చెవిన పడనివ్వలేదు గానీ, ఈ సంగతి ఆడవాళ్ళందరికీ తెలుసు. తెలియనివాళ్ళం మగవాళ్ళమే, యుద్ధాలు మాకే తెలుసనుకునేవాళ్ళం.

ఇది ఎలా మొదలైందని రామలక్ష్మిగారిని అడిగితే ఆవిడ కూరగాయలావిడని చూపించి నవ్వారు. అది ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న బొమ్మ. ప్రసాద్ గారే మెట్ల మీద సర్దుతూ జారవిడిచారు. పెద్దవాళ్ళు పారెయ్యమన్నారు.

"రామలక్ష్మి నాతో నెల్లాళ్ళు మాట్లాడలేదండి," అన్నారు ప్రసాద్ గారు నేల చూస్తూ. "ఆలోచించాను. కొలువులో దెబ్బ తిన్నవాళ్ళు ఉండటానికి వీలైన చోటు ఏదా అని. యుద్ధం ఒక్కటే కనిపించింది."

అంటే ఆ టేపులు, ఆ స్కూటరు తిరుగుళ్ళు, పంతులుగారికి పట్టించిన చెమటలు, అన్నీ ఈ గంప కోసం. పదేళ్ళ పాటు నేను నలుగురిలో నవ్వింది దీన్ని చూసి. ఆయనకి ఏదైనా చెప్పాలనిపించింది. ఒక స్టీలు చెంబు పంపిస్తానన్నాను. సైజు ఎక్కువవుతుందన్నారు.

దశమి దాకా అక్క రోజూ పొద్దున్నే వెళ్ళింది. జిగురు, బంకమట్టి, అగ్గిపుల్లలు, గుడ్డ పేలికలు. ఆఖరిరోజు అందరిళ్ళల్లో ఒక బొమ్మని పడుకోబెడతారు కదా, అక్కడ మాత్రం ఆ ఏడు బాగుపడిన ఒకళ్ళని లేపి నిలబెట్టడం ఆనవాయితీ. అక్క రౌతుని లేపింది. గుర్రం నాలుగు కాళ్ళ మీదా నిలబడింది, ఊగింది, మెల్లగా పక్కకి ఒరిగి కూరగాయలావిడ భుజానికి ఆనుకుంది. ఆవిడ కదల్లేదు. అలాగే ఉండనియ్యమన్నారు ప్రసాద్ గారు.

ఇప్పుడు అక్క పది నుంచి ఒంటిగంట దాకా ఫ్యాన్సీ కొట్లోనే కూర్చుంటోంది. ఇంటికొచ్చాక ఇంకా గోడకి చేరబడే ఉంటుంది, కాదనను. కానీ పొద్దుట తొమ్మిదిన్నరకే చెప్పులు వెతుక్కుంటుంది. మొన్న ప్రసాద్ గారు సరుక్కి రాజమండ్రి వెళ్ళిన రోజు, మిల్లులో పనిచేసే ఒకతను సిపాయిల ప్యాకెట్టు వాపసు తెచ్చాడు. నేను ఇటువైపు గిన్నె తుడుస్తూ ఆగిపోయాను.

"ఇందులో ఒకటి విరిగిందండి."

ప్యాకెట్టు విప్పిన చప్పుడు. తర్వాత అక్క గొంతు.

"విరగలేదండి. గాయపడ్డాడు. పక్కన మనిషున్నాడు, చూడండి."

అతను చూసుకున్నట్టున్నాడు. చాలా మర్యాదగా అడిగాడు.

"అయితే తగ్గుతుందాండీ?"

అక్క నవ్వింది. ఇటు నా గరిటెలు మోగాయి.