బురుల్ అత్తయ్య ఎడమ దవడ

మా అత్తయ్యకి మొండితనం పుట్టుకతోనే వచ్చింది. వరసగా నలుగురు ఆడపిల్లల తరవాత ఐదోది కూడా ఆడపిల్లే అయ్యేసరికి వాళ్ళ నాన్నకి ఒళ్ళు మండి, ఇకనైనా కాన్పులు మగపిల్లల వైపు మళ్ళాలని ఆమెకి బురుల్ అని పేరు పెట్టాడు. మళ్ళు అని అర్థం. ఆ తరవాత ఆరోదీ ఏడోదీ కూడా ఆడపిల్లలే. "నేను చెప్పినమాట వినే రకం కాదని మా నాన్నకి అప్పుడే తెలియాల్సింది" అంటుంది అత్తయ్య, పైవరసలో రెండు బంగారుపళ్ళూ కనపడేలా నవ్వుతూ.

ఆమె మెడలో ఎప్పుడూ ఒక చిన్న తోలుసంచి వేలాడుతూ ఉంటుంది. అందులో తెమిర్ కొముజ్. మోర్సింగే అనుకోండి, నేనూ అలాగే అంటాను. అరచేతిలో ఇమిడే ఇనప చట్రం, నడుమ సన్నటి నాలుక. ముందుపళ్ళకి ఆనించి, వేలితో మీటుతూ, ఊపిరి లోపలికీ బయటికీ ఆడించాలి. పెళ్ళయి వచ్చిన కొత్తలో, కోడలుపిల్ల నోట్లో ఇనుము పెట్టుకోవడమేమిటని వాళ్ళత్త దాన్ని లాక్కుని పిండిబస్తాలో దాచిందట. ఈవిడ మర్నాడే బస్తాలో మోచేతుల దాకా చేతులు పెట్టి తీసి, ఆ పిండి మొహంతోనే గుమ్మంలో కూచుని వాయించింది. ముప్పై ఏళ్ళు సామూహిక క్షేత్రంలో గొర్రెల ఉన్ని కత్తిరించింది. అన్నాలవేళ వాయించొద్దని మేస్త్రీ అంటే, అన్నం మానేసి వాయించింది. నలభై ఏళ్ళుగా, ప్రతి జులైలో కొండమీది మేతల్లో జరిగే పండగలో ఒంటరిగా నిలబడి వాయించేది ఆమె ఒక్కతే. మొన్న జులైకి డెబ్బైరెండు నిండాయి.

ఆ పండగకి సరిగ్గా పదమూడు రోజుల ముందు పన్ను విరిగింది. కురుత్ కొరికి విరగ్గొట్టుకుంది. ఉప్పేసి ఎండబెట్టిన పెరుగు ఉండలు అవి. కిందటేడువి, గోడకేసి కొడితే గోడే రాలుతుంది.

"అత్తయ్యా, ఉండండి, వేణ్ణీళ్ళలో నానబెట్టి ఇస్తాను" అన్నాను.

"నీ పళ్ళకి నానబెట్టుకో" అని టక్కున కొరికింది. చప్పుడైంది. "చూశావా, విరిగింది" అంది. విరిగింది కురుత్ కాదు.

ఆ రోజే బయల్దేరాం. జిల్లా ఆసుపత్రిలో పళ్ళ డాక్టరు ఐచురెక్ అనే చిన్నమ్మాయి, మా పక్క లోయ పిల్లే. ఎడమవైపు కింది దవడపన్ను, వేళ్ళు వంకర. పీకడానికి ముప్పావుగంట పట్టింది. దూది కరిపించి, వేలు చూపిస్తూ మరీ చెప్పింది. "మామ్మా, ఉమ్మకూడదు. గట్టిగా పుక్కిలించకూడదు. పొగ తాగకూడదు. వేడి టీ వద్దు. స్ట్రాతో ఏదీ పీల్చకూడదు. ఆ గుంటలో గడ్డకట్టిన నెత్తురే దానికి మూత. అది ఊడి వచ్చిందా, లోపలి ఎముకకి గాలి తగులుతుంది. అప్పుడు నన్ను తిట్టుకోవద్దు."

"నేను పొగ తాగుతానా? స్ట్రా మొహం ఎరుగుదునా?" అని వచ్చేసింది అత్తయ్య.

అన్నీ పాటించింది, పాపం. టీ కూడా చల్లార్చుకుని తాగింది. అంతకంటే పెద్ద త్యాగం ఆమె జన్మలో చేసి ఉండదు. రెండో రోజు మధ్యాహ్నం దవడ కాస్త తేలికగా ఉందని, పండగ దగ్గరపడుతోందని, గుమ్మంలో కూచుని మోర్సింగ్ తీసింది. రెండు గంటలు వాయించింది. నేను పక్కనే పిండి కలుపుతూ విన్నాను. ఆపమనాలని నాకూ తోచలేదు. మా ఊళ్ళో ఎవరికీ తోచదు. మోర్సింగ్ అంటే మాకు వేలిపని, చెవిపని. అందులో ఊపిరి పీల్చడం ఉందని ఎవరికి గుర్తుంటుంది?

మూడో రోజుకి నొప్పి మొదలైంది. మొదలైందని ఆమె చెబితేనా! దవడ నించి చెవికి, చెవి నించి కణతకి పాకుతున్నట్టుంది, ఆ వైపు కన్ను చికిలించుకుని తిరుగుతోంది. రొట్టెలపిండిని పిసకడం కాదు, దానితో తగువాడుతున్నట్టు గుద్దుతోంది. దగ్గరికి వెళితే నోట్లోంచి కుళ్ళువాసన. "నొప్పిగా ఉందా అత్తయ్యా?" అంటే "ఎవరికి?" అంటుంది. పక్కింటి తుర్సునై వచ్చి గొర్రెతోక కొవ్వు పెట్టమంది, కాదు వోద్కా పోయమంది, కాదు నాలుక కింద పెట్టుకునే పొగాకు కూరమంది. "నీ నోట్లో కూరుకో, కాస్త మూతపడుతుంది" అని పంపించేసింది. నేను దొడ్లో ఉండగా లోపల ఎవరినో తిడుతున్నట్టు వినపడితే తొంగిచూశాను. అద్దం ముందు నిలబడి, లేని పన్నుని తిడుతోంది. "అరవై ఏళ్ళు నా మాంసం తిన్నావు, నా రొట్టె తిన్నావు. పోయేదానివి పోక ఈ పెంట పెట్టి పోతావా, దరిద్రపుదానా?" నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

నాలుగో రోజు పొద్దున మైరంబెక్ వచ్చాడు. మా సాంస్కృతిక భవనానికి పెద్ద. చెడ్డవాడేం కాదు, చిన్నప్పుడు అత్తయ్య దగ్గర నేర్చుకోబోయి పెదవి కోసుకుని పారిపోయిన ఘనుడు. ఉబ్బిన బుగ్గ చూసి కంగారుపడ్డాడు. కూచుని, టోపీ తీసి మోకాలికి తగిలించుకుని, నసుగుతూ మొదలుపెట్టాడు.

"పెద్దమ్మా, మీరింక శ్రమ పడక్కర్లేదు. ఇరవై రెండేళ్ళ కిందట మీరు వాయించింది రికార్డు చేసి ఉంచాం కదా, అది బ్రహ్మాండంగా ఉంది. పెద్ద స్పీకరు పెట్టెల్లో అదే పెడతాం. మీరు ఊరికే నోటికి ఆనించి వేలు ఆడించండి చాలు. ఎవరికీ తెలీదు. ఇప్పుడు పాటగాళ్ళందరూ అదే చేస్తున్నారు."

అత్తయ్య మాట సగం బుగ్గలోనే ఉండిపోతోంది. "వేలు ఆడించాలా?"

"పోయినేడు గాలికి మీ వాద్యం ఎవరికీ వినపడనేలేదు పెద్దమ్మా. పైగా పట్నం నించి, నరిన్ నించి అతిథులొస్తున్నారు."

"ఆ రికార్డు నాదే కదా?"

"మీదే! అందుకే కదా అంటున్నాను, తప్పేముంది?"

"అది ఇరవై రెండేళ్ళ కిందటి నోరు. దాన్నే తెచ్చి నిలబెట్టుకో. నన్నెందుకు పిలవడం?" అంది. అతను ఇంకేదో అనబోతే టీగిన్నె అతని ముందునించి తీసేసింది. మా ఇళ్ళలో అతిథికి అంతకంటే గట్టిగా చెప్పే మాట లేదు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

గేటు పడీపడగానే నా వైపు తిరిగింది. "అమ్మాయ్, కారు పిలు. డాక్టర్ పిల్ల దగ్గరికి పోదాం." రెండు రోజుల నొప్పి కదిలించలేని మనిషిని ఆ మాట కదిలించింది. బొమ్మలా నిలబెడతారన్న మాట. అదీ ఆమె భయం. ఆ రోజు ఆమె కళ్ళల్లో భయం మొదటిసారి చూశాను.

ఐచురెక్ నోట్లో లైటు వేసి చూడగానే మూతి బిగించింది. గుంటలో నెత్తురుగడ్డ లేదు. తెల్లగా ఎముక.

"ఉమ్మారా మామ్మా?"

"లేదు."

"పొగ?"

"ఛీ."

"మరి ఏం పీల్చారు? ఇది ఊరికే ఊడదు. ఏదో గట్టిగా పీల్చారు మీరు."

అత్తయ్య నా వైపు చూసింది. నేను అత్తయ్య మెడలో సంచి వైపు చూశాను. అప్పుడు, ఇద్దరికీ ఒకేసారి, బుర్రకెక్కింది. డాక్టరు సంచి తెరిచి చూసి కుర్చీలో కూలబడి నవ్వింది. ఎంతసేపు వాయించిందో నేను చెప్పేసరికి కోపం తెచ్చుకుంది. "రెండు గంటలా! ఎముకని గాలికి ఎండబెట్టినట్టయింది! ఇప్పుడు దీన్ని పట్టుకున్నారంటే చీము పడుతుంది. దవడ కోయాల్సొస్తే అప్పుడీ ఇనుము ఎక్కడ ఆనించుకుంటారు?"

"తొమ్మిదో రోజు పండగ" అంది అత్తయ్య.

"రోజు మార్చి రోజు వచ్చి కట్టు మార్పించుకోండి. ఎనిమిదో రోజు చూసి చెప్తాను. అప్పటిదాకా ముట్టుకోరు. ఒట్టెయ్యండి."

ఉప్పునీటితో కడిగి, లవంగనూనె కంపుకొట్టే మందుగుడ్డ ఆ గుంటలో కూరింది. ఆ కూరేటప్పుడు అత్తయ్య కుర్చీచేతులు పట్టుకున్న పట్టుకి వేళ్ళు తెల్లబడ్డాయి. "అరవండి మామ్మా, పర్లేదు" అంది డాక్టరు. అంతా అయ్యాక నోరు తుడుచుకుని అత్తయ్య చెప్పిన జవాబు ఇది: "అరిస్తే నొప్పికి లోకువైపోతాను."

బయటికి రాగానే సంచి మెడలోంచి తీసి నా చేతిలో పెట్టింది. "దాచు. నేను అడిగినా ఇవ్వకు."

మూడో రోజుకే అడిగింది. ఇవ్వలేదు. నా వంశాన్ని ఏడు తరాలు వెనక్కి వెళ్ళి తిట్టింది. మా అమ్మ వంటని తిట్టింది, మా నాన్న గుర్రాన్ని తిట్టింది. ఇవ్వలేదు. కోడలిగా ఆ ఇంటికొచ్చిన ఇరవై ఏళ్ళలో ఆమె మాట నేను కాదన్నది అదే మొదలు. తిట్టి తిట్టి అలిసిపోయి, "బాగానే గట్టిపడ్డావు" అంది. అది మెచ్చుకోలే. నాకు తెలుసు. ఆ తరవాత రోజూ గుమ్మంలో కూచుని, నోరు మూసుకుని, ఖాళీ గాలిలో వేలు ఆడించేది. పాట మొత్తం, మొదటి నించి చివరి దాకా. చప్పుడు లేదు. దారినపోయేవాళ్ళు ముసలమ్మకి మతి చలించిందనుకున్నారు.

కట్టు మార్చిన ప్రతిసారీ వాపు కొంచెం దిగింది. వాసన పోయింది. ఎనిమిదో రోజు ఐచురెక్ చూసి, గుంట అడుగున ఎర్రటి కొత్త కండ వచ్చిందని చెప్పింది. "ఒక్క పాట. రెండోది లేదు. పళ్ళకి ఆనించగానే దవడంతా జివ్వుమంటుంది, ముందే చెప్తున్నాను."

"జివ్వుమననీ. దాన్ని రావద్దని నేనన్నానా?"

మైరంబెక్‌కి కబురు పంపాం, అత్తయ్య తన నోటితోనే వాయిస్తుందని. సరే సరే అన్నాడు.

పండగనాడు మేతల్లో గాలి జోరుగా ఉంది. గుర్రాల పరుగులయ్యాయి, పులిసిన గుర్రప్పాలు, కుమీస్, తాగి జనం హుషారుగా ఉన్నారు. మా అత్తయ్య పేరు పిలిచారు. తెల్లటి తలగుడ్డ కట్టుకుని, వేదికగా వేసిన బల్లల మీదికెక్కింది. మోర్సింగ్ పళ్ళకి ఆనించింది. ఎడమకన్ను టక్కున మూసుకోవడం కింద నిలబడ్డ నాకు కనపడింది. వేలు ఎత్తింది. ఇంకా మీటనే లేదు. పెద్ద పెట్టెల్లోంచి పాట మొదలైపోయింది. గుండ్రంగా, నిండుగా, ఒక్క తప్పు లేకుండా. ఆమె పాటే. ఇరవై రెండేళ్ళ కిందటిది.

మైరంబెక్ మాట తప్పాడు.

అత్తయ్య మోర్సింగ్ నోట్లోంచి తీసింది. చేయి పూర్తిగా చాచి తలకంటే ఎత్తున పట్టుకుంది, ఎండలో అందరికీ కనపడేలా. పెదవులు బిగించి, కదలకుండా నిలబడింది. పాట మోగుతూనే ఉంది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. తరవాత ముందువరసలో ఎవడో పకపకా నవ్వాడు. గుర్రాల మీదివాళ్ళు ఈలలు వేశారు. నరిన్ అతిథులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మైరంబెక్ కందగడ్డ మొహంతో పరిగెత్తి తీగ పీకేశాడు.

చప్పుడంతా ఆగింది. అత్తయ్య బల్లల మీదినించి దిగి గడ్డిలోకి వచ్చింది. మైకు ఇస్తే తోసేసింది. అక్కడే నిలబడి వాయించడం మొదలుపెట్టింది. పది అడుగుల అవతల వినపడదు ఆ వాద్యం. అందుకని జనమే దగ్గరికి జరిగారు, గుర్రాలు దిగి, పిల్లల నోళ్ళు మూసి. ఎడమవైపు నించి గాలి కొద్దిగా జారుతోంది, ప్రతి ఊపిరికీ సన్నటి ఈల. నడుమ ఒకచోట వేలు తప్పింది. ఆగి, అక్కడినించే మళ్ళీ అందుకుంది. ఎడమకంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. ఆమె నొప్పి నాకు దవడలో పుట్టింది. అయినా ఆగిపోతే బాగుండునని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

ఇంకొకటి, ఇంకొకటి అని అరిచారు. "డాక్టరు ఒక్కటే అంది" అని సంచి మూతి బిగించింది.

జనం పల్చబడ్డాక మైరంబెక్ వచ్చాడు. టోపీ చేతిలో నలుగుతోంది.

"పెద్దమ్మా, తప్పయిపోయింది. మీకు మధ్యలో నొప్పొచ్చి ఆగిపోతే నవ్వులపాలవుతారని భయపడ్డాను. దవడ నయమయ్యాక కొత్తగా మళ్ళీ రికార్డు చేద్దాం, ఆ ఈలతో సహా. ముందు ముందు పండగలకి ఉంటుంది."

అత్తయ్య బుగ్గకి అరచెయ్యి అదిమిపెట్టుకుని అతన్ని ఎగాదిగా చూసింది.

"అక్కర్లేదు. వచ్చే ఏడు నేనుంటే నేను వాయిస్తాను. నేను లేకపోతే, ఎవరైనా నేర్చుకుని ఉంటే వాళ్ళు వాయిస్తారు. ఎవరూ నేర్చుకోలేదనుకో, నా పాట ఎంతసేపుంటుందో అంతసేపు అందరూ నోరు మూసుకుని కూచోండి. నేను లేనని మీకు తెలియొద్దూ?"