మారువేషం కస్టమర్

మెడలో టై, నెత్తిమీద ఏసీ, వెనకాల ‘సార్, సార్’ అంటూ పదిమంది. బయటనుంచి చూసేవాళ్లకు చెప్పుల షోరూములో మేనేజరంటే ఇంద్రపదవే. లోపల మాత్రం అడకత్తెరలో పోకచెక్క బతుకు. అమ్మకాలు తగ్గితే పైవాళ్లు తిడతారు, సెలవివ్వకపోతే కిందివాళ్లు శపిస్తారు. లోకమంతటికీ ఆదివారం వస్తుంది, మన మేనేజరుకు తప్ప. “మా బావకి ఊరందరి పాదాలూ తెలుసు, మా అక్క మొహమే మర్చిపోయాడు” అని బావమరిది ఏడిపిస్తాడు. భార్య నవ్వదు.

అన్నీ ఓర్చుకున్నాడు గానీ, మారువేషం కస్టమరంటే ఆయనకు గుండెదడ. హెడ్డాఫీసువాళ్లు అప్పుడప్పుడూ ఒక మనిషిని మామూలు కస్టమర్‌లా పంపిస్తారు. వచ్చినవాళ్లు తమకు జరిగిన మర్యాదకు మార్కులు వేసి పోతారు. ఈ షాపు ఇప్పటికే రెండుసార్లు తప్పింది. మళ్లీ తప్పితే మేనేజరును తీసేస్తామని మొహంమీదే చెప్పేశారు. ఈ వయసులో ఇంకెవడు పనిస్తాడు?

ఆ భయంలో ఉండగా ఒక పెద్దాయన వచ్చాడు. ప్రతి జతా వంచి చూస్తాడు, కుట్టు లాగి చూస్తాడు, ప్రశ్నమీద ప్రశ్న వేస్తాడు. ఇతనే, సందేహం లేదనుకున్నాడు మేనేజరు. సేల్స్‌వాళ్లను పక్కకు తప్పించి, తానే మోకాళ్లమీద కూర్చుని తొడిగాడు. గోడౌను సగం నేలమీదికి దిగింది. చంకలో పిల్లాడితో ఒకావిడ “ఏమండీ, వీడి సైజుందా?” అని అడిగితే, తలైనా ఎత్తకుండా “కాస్త ఆగండమ్మా” అన్నాడు. ఆవిడ ఆగి ఆగి వెళ్లిపోయింది. పెద్దాయన చివరికి కొన్నది ఒక జత లేసులు.

మర్నాడు పొద్దున్నే ఫోనొచ్చింది. హెడ్డాఫీసు పంపింది ఆ పిల్లాడి తల్లిని. సాయంత్రానికి తాళాలు అప్పగించాలట.

“సార్, ఒక్క అవకాశం ఇవ్వండి. మీ కాళ్లు పట్టుకుంటాను.”

అవతల ఫోను పెట్టేశారు. ఇంటికెళ్లి ఏం చెప్పాలో తోచక, ఎవరూ చూడకుండా గోడౌనులో పెట్టెల మధ్య కూలబడి ఏడ్చాడు. మొహం కడుక్కుని వచ్చేసరికి నిన్నటి పెద్దాయన కౌంటరు దగ్గర నిలబడి ఉన్నాడు.

“మా ఆవిడకి కాళ్లవాపులు బాబూ. ఏ షాపుకెళ్లినా విసుక్కుంటారని గడప దాటడమే మానేసింది. నిన్న నువ్వెంత ఓపిగ్గా తొడిగావో చెప్తే, ఇన్నాళ్లకి వస్తానంది. రేపు తీసుకొస్తాను, నువ్వుంటావుగా?”

మేనేజరు జేబులో తాళాలు తడుముకున్నాడు. పెద్దాయన ఇంకా ఆయన మొహంలోకే చూస్తున్నాడు.

“ఉంటానండీ. తీసుకురండి” అన్నాడు.