ఆపి అడిగే మనిషి

మా వదిన పోయింది. చంద్రపూర్ దవాఖానా నుంచి అన్న ఫోన్ చేసేసరికి నేను సిరోంచలోని మా కంప్యూటర్ క్లాసులో పాఠం చెబుతున్నాను. "జెరం దిగలే చెల్లె. పాయె" అన్నాడు. విషయం చెప్పి పిల్లలను ఇళ్ళకు పొమ్మన్నాను. వాళ్ళు కదలకుండా ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నేను పోతే ఇలా ఏడుస్తారా అన్న ఆలోచన అప్పుడు కూడా వచ్చింది. వదిన గురించి రాస్తూ ఈ సంగతి దాస్తే మిగతాదంతా అబద్ధమైపోతుంది, అందుకే ముందే చెబుతున్నాను.

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఆ పెత్తనం చేసే వీలు వదిన నాకు ఒక్కరోజూ ఇవ్వలేదు. తెలంగాణ వైపు నుంచి పడవలో ప్రాణహిత నది దాటి, మహారాష్ట్రలోని మా ఇంటికి కోడలిగా వచ్చింది. ఏడాది తిరక్కుండా క్లాసులో నా పక్క కుర్చీలో కూర్చుంది. నాకన్నా ఎక్కువ చదువుకుంది, నాకన్నా బాగా నవ్వుతుంది. పిల్లలు ఆమెను పెద్ద మేడం అన్నారు. అంతవరకు ఒట్టి మేడంగా ఉన్న నేను చిన్న మేడమయ్యాను.

అసలు కడుపుమంట మాత్రం ఒక ఉత్తుత్తి కంప్యూటర్ దగ్గర మొదలైంది. మా క్లాసులో ఉన్నవన్నీ పాత డబ్బాలు. ప్రాసెసర్‌తో నేరుగా మాట్లాడే ప్రోగ్రాములు రాయడం నేర్చుకునే పిల్లలు ఒక్క తప్పు చేస్తే డబ్బా మొత్తం బిగుసుకుపోయేది. అందుకని నానా తంటాలు పడి, కంప్యూటర్ లోపలే నడిచే ఇంకో కంప్యూటర్‌ను సాఫ్ట్‌వేర్‌తో కట్టాను. వర్చువల్ మెషిన్ అంటారు దాన్ని. అది ఎంత పాడైనా అసలుదానికి ఏమీ కాదు. ప్రాసెసర్‌కు తను చేస్తున్న లెక్కను కాసేపు పెట్టుకునే చిన్న అరలుంటాయి, వాటినే రిజిస్టర్లంటారు. ఆ అరల్లో ఏముందో పిల్లలకు తెరమీద కనిపించేలా చేశాను.

అక్కడే దెబ్బతిన్నాను. మెషిన్ పరుగెత్తుతుండగానే నా ప్రోగ్రాం అరలను చదివేది. ఒక అర చదివి పక్కదానికి పోయేలోపు లెక్క మారిపోయేది. తెరమీద పొంతన లేని అంకెలు పడేవి. ఏటపల్లి నుంచి వచ్చి ఇక్కడ ఉండి చదువుకునే ఒక అమ్మాయి, తప్పు తనదేననుకుని రాసిందంతా చెరిపేసింది.

వదిన వెనక నిలబడి చూసింది. "ఉర్కేదాన్ని ఆపకుంట అడిగితే గదేం జెప్తది పిల్లా? సగం ముందటిది, సగం ఎనుకటిది జెప్తది. ముందుగాల ఆపు, ఇగ అప్పుడు అడుగు" అంది.

తనే కూర్చుని, మెషిన్‌ను ఒక ఆజ్ఞకూ ఇంకో ఆజ్ఞకూ మధ్య ఆపి, అరలన్నీ ఒకేసారి చదివే దారి పెట్టింది. మరాఠీ బడుల్లో చదివిన పిల్లలే ఎక్కువ కాబట్టి, ఆపే మాటకు 'థాంబ్' అని పేరు పెట్టింది. మరాఠీలో ఆగమని అర్థం. అంతటితో ఊరుకోలేదు. అరల్లో ఉన్నది పిల్లలే మార్చి, మళ్ళీ నడిపించుకునే వీలు కూడా ఇస్తానంది.

"ముట్టనిస్తే ఆగం జేస్తరు వదినె" అన్నాను.

"ఆగం జేసేటందుకే గదా నువ్వు దీన్ని కట్టింది" అని నవ్వింది.

ఆ తర్వాత అందరూ దాన్ని 'పెద్ద మేడం మిషన్' అన్నారు. సొమ్మొకడిది సోకొకడిది. "కట్టింది చిన్న మేడమే" అని ఆమె ప్రతిసారీ సరిదిద్దేది. ఆ మంచితనం చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండేది.

మనుషుల దగ్గర కూడా ఆమెది అదే పద్ధతి. పనిలో ఉన్నవాళ్ళను ఏదీ అడగదు. అమ్మ వాకిలి ఊడుస్తుంటేనో, బియ్యం చెరుగుతుంటేనో "ఎట్లున్నవే?" అని నేను ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నాను. "మంచిగనే ఉన్న" అనేది అమ్మ. వదిన ఒకరోజు ఆమె చేతిలోని చేట తీసి పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుంది. "ఇప్పుడు జెప్పు అత్తమ్మా, ఏడ నొస్తున్నది?" అంది. అమ్మ మోకాళ్ళ నొప్పులతో మొదలుపెట్టింది. చిన్నప్పుడే పోయిన నా తమ్ముడి దాకా చెప్పుకుంటూ పోయింది. నేను వంటింట్లో నిలబడి విన్నాను. వాడి పేరు అమ్మ నోట నేను అంతకుముందు వినలేదు. మెషిన్ పేరు పోయినప్పటికంటే అప్పుడే ఎక్కువ కుళ్ళుకున్నాను. కన్నబిడ్డను నేనుండగా ఆమెకెందుకు చెప్పాలి?

వదిన వల్ల అమ్మ మోకాళ్ళకు మందు దొరికింది. రాత్రిళ్ళు నిద్రపోయింది. నా మెషిన్ అబద్ధాలు చెప్పడం మానేసింది. ఆమెకు నేను రుణపడి ఉన్నాను. కుళ్ళు మాత్రం తగ్గలేదు. మనిషి పోతే అదీ పోతుందనుకున్నాను.

అన్నీ అయిపోయాక ఇంట్లో ఫోటో పెట్టి దండ వేశాం. రేగుంట నుంచి వచ్చిన చుట్టాల మధ్య అమ్మ కూర్చుని శోకాలు పెడుతోంది. "నాకు ఉన్నది ఒక్కతే బిడ్డ, గదీ పాయె" అంటోంది. చుట్టాలు నా ముఖం చూసి తలలు దించుకున్నారు. పొద్దుటి నుంచి అమ్మ ఏమీ తాగలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమె చేతికిచ్చాను. అమ్మ అందుకుంది. లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ నడిచి, ఆ నీళ్ళు వదిన ఫోటో ముందు పెట్టింది.